గీత అవతలి కుర్చీ

"మెషిన్లు మీ పేరు మీదికి వచ్చాయి. వ్యాను వచ్చింది. బాయిలరు లైసెన్సు వచ్చింది. మనిషి మాత్రం రాలేదు," అన్నాడు పర్మిట్ల ఆఫీసు గుమాస్తా.

మనిషి నా పక్కనే నిలబడి ఉంది. చేతిసంచీ గుండెలకి హత్తుకుని, కౌంటరు అద్దంలోంచి అతని కంప్యూటరులోకి తొంగి చూస్తోంది.

"ఇదిగో, ఈవిడే," అన్నాను.

"కనిపిస్తున్నారు లెండి. ఈవిడ పర్మిట్ లాండ్రీ పేరు మీద లేదు, పాత ఓనరు పేరు మీద ఉంది. ఆయన అమ్మేసిన రోజే అది రద్దయింది. మీరు కొత్తగా స్పాన్సర్ చెయ్యాలి."

"చేస్తాం. సంతకం ఎక్కడ పెట్టాలి?"

అతను మొదటిసారి నావైపు జాలిగా చూశాడు. "సంతకం ఆఖర్నండీ. అంతవరకూ ఈవిడ పని చెయ్యకూడదు."

ఆ ఎండాకాలం అలా మొదలైంది.

లాండ్రీ కొని ఇంకా గోడలకి రంగైనా వేయించలేదు. కొనేముందు మా ఆయన బాయిలరుకి చెవి ఆనించి విన్నాడు. వ్యాను టైర్లు తన్ని చూశాడు. నేను నీళ్ళ పైపుల కింద పాకి, ఎక్కడ తడి ఉందో వేలితో తడిమి చూశాను. అంత చూసినవాళ్ళం, పెద్ద రోలరు దగ్గర నిలబడ్డ మనిషి ఏ కాగితం మీద నిలబడిందో అడగలేదు. రోలరుతో పాటు ఆవిడా వస్తుందనుకున్నాం. ఇల్లు కొంటే తలుపులు వేరే కొంటామా?

ఆవిణ్ణి లాండ్రీలో అందరూ ఆవిరక్క అంటారు. అసలు పేరు ఎవరి నోటా తిరగక, ఆవిడే విసిగిపోయి దీనికి ఒప్పుకుందట. పని రోలరు దగ్గర. తడి దుప్పటి ఇటు అందిస్తే, ఆవిరి కక్కుతూ అటు పొడిగా, సాపుగా బయటికి వస్తుంది. ఎండాకాలంలో దాని పక్కన నిలబడడమంటే కుంపటి ఒళ్ళో పెట్టుకోవడమే. ఆసుపత్రి దుప్పట్లూ, హోటళ్ళ దుప్పట్లూ, దిండు గలీబులూ అన్నీ ఆవిడ చేతుల మీదుగానే వెళ్ళాలి.

ఆఫీసు మెట్ల మీద ఆవిరక్క నన్ను ఆపింది. ఆవిడకి మన్ననలు రావు. అందరూ నువ్వే.

"ఓనరమ్మా, నీకు ఒకటి చెప్పాలి. పదేళ్ళు నిండితే నన్ను ఈ దేశంలో ఉండిపోనిస్తారు. నాకు ఒక్క ఏడాది తక్కువ. ఈ ఎండలు అయ్యేలోపు పర్మిట్ రాకపోతే నేను వెళ్ళిపోవాలి. వెళ్ళిపోతే మళ్ళీ ఒకటి నుంచి లెక్క."

"ఉండిపోతే ఏం చేస్తావు?"

"మా ఆయన్ని తెచ్చుకుంటా. ఫోనులో కాపురం చేసి చేసి చెవి నొప్పి."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రేపు ఉదయం ఆసుపత్రి దుప్పట్లు ఎవరు చేస్తారా అని ఆలోచిస్తున్నాను.

*

పర్మిట్ల కాగితాలు చూసిపెట్టే కన్సల్టెంటు ఫ్యాను సరిగ్గా తన నెత్తి మీదికి తిప్పుకుని కూర్చున్నాడు. మాకు గాలి రాలేదు.

"నాలుగు వారాలు ఉద్యోగ ప్రకటన వెయ్యాలి. ఈ దేశం వాడెవడైనా వచ్చి ఆ పని చెయ్యగలిగితే ఉద్యోగం వాడిది. ఎవడూ దొరక్కపోతేనే ఆవిడది. మనిషి కావాలని ప్రకటించాలి, ఏ మనిషీ రాకూడదని మొక్కుకోవాలి. అంతే కేసు."

"ఎవరైనా వస్తే?" అన్నాను.

"రాకుండా రాయండి. ఆరు భాషలు రావాలని పెట్టండి."

"దుప్పటి ఇస్త్రీకి ఆరు భాషలెందుకండీ?" అన్నాడు మా ఆయన.

"ఆసుపత్రి దుప్పటి కదా. రకరకాలవాళ్ళు పడుకుంటారు."

నేను ఆరు భాషలు రాయలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను. తెల్లవారకముందే రావాలి, నిలబడే పని, ఆవిరి, వేడి, బరువు. నిజం రాస్తే చాలు, ఒక్క నరపురుగు కూడా రాదని నా ధీమా.

కన్సల్టెంటు రెండో మాట వెళ్ళేటప్పుడు చెప్పాడు. "ఎప్పుడు తనిఖీకి వస్తారో తెలీదు. ఆవిడ చెయ్యి బట్టకి తగిలిందా, మీ లైసెన్సూ పోతుంది, ఆవిడా పోతుంది."

మా ఆయన ఆ సాయంత్రమే మెషిన్ల చుట్టూ నేల మీద పసుపు రంగు గీత గీశాడు. ఆవిరక్క గీత అవతల ఉండాలి.

ఇంట్లో ఉండమన్నాను. వినలేదు. "నా గదిలో నలుగురం. ముగ్గురు పనికి వెళ్ళిపోతారు. నేనూ గోడా మిగులుతాం. గోడకి నా మీద జాలి లేదు," అంది. రోజూ పనివేళకి వచ్చి, గీత అవతల ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది.

రోలరు దగ్గర నేను నిలబడ్డాను. మొదటివారం నా ముంజేతుల మీద ఎర్రటి చారలు తేలాయి. మా ఆయన వ్యాను తోలేవాడు, బాయిలరు చూసేవాడు, వచ్చి రెండోవైపు మడతలు పెట్టేవాడు. ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం. కోపం లేదు, ఓపిక లేదు.

ఒకరోజు నా చేతిలోంచి తడి దుప్పటి జారి, గీత దాటి ఆవిరక్క పాదాల దగ్గర పడింది. ఆవిడ వంగబోయి, ఆగి, రెండు కాళ్ళూ పైకెత్తి కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. వరదలో మంచమెక్కినట్టు. మడతలు పెట్టే ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. నేను దుప్పటి తీసుకుని పైకి చూసేసరికి ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

*

మనుషులు వచ్చారు. పురుగు కూడా రాదనుకున్నానా, నలుగురైదుగురు వచ్చారు.

ఒకాయన తలుపు దగ్గరే నిలబడి, "ఇక్కడ ఏసీ ఎక్కడుందండీ?" అన్నాడు. మా ఆయన బాయిలరు చూపించాడు. ఆయన వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. ఒకావిడ ఉత్సాహంగా మొదలుపెట్టి, భోజనాలకి వెళ్ళి ఫోనులో క్షమాపణ చెప్పింది. ఇంకొకతను ప్రకటనలో లాండ్రీ అని ఉంటే కంప్యూటరు పని అనుకున్నాడట. ఎలా అనుకున్నాడో మేము అడగలేదు, అతను చెప్పలేదు.

ప్రతి మనిషి వెళ్ళిపోయినప్పుడూ ఆవిరక్క తలుపు వైపు చూసి ఊపిరి వదిలేది. ఆ శబ్దం నాకు రోలరు చప్పుడులో కూడా వినిపించేది.

ప్రకటన ఇక ఆఖరివారంలో పడింది. గట్టెక్కామనుకున్నాను.

ఆ రోజు ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లతో తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డవాడు మా మరిది.

మరిది మా ఇంట్లోనే ఉంటాడు. కాగితం మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక ఏడాదిన్నరగా హాల్లో సోఫా మీదే మకాం. మా అత్తగారు వాడికి పళ్ళెంలో భోజనం అక్కడికే అందిస్తారు. లాండ్రీ కొన్నప్పుడు మా ఆయన రమ్మంటే, "నాకు వేడి పడదన్నయ్యా," అన్నాడు. ఆ మాటతో అత్తగారు నాకు అక్షింతలు వేశారు. "పిలిచే పద్ధతిలో పిలిస్తే వస్తాడు. ఊళ్ళో వాళ్ళందరికీ ఉద్యోగాలిచ్చే మహాతల్లివి, ఇంట్లోవాడు కనపడ్డా నీకు?"

అటువంటివాడు ఇప్పుడు చేతిలో ఒక చీటీతో, "నమస్తే మేడమ్," అన్నాడు.

"ఏమిటీ వేషం?"

"ఉపాధి ఆఫీసువాళ్ళు పంపారు." గొంతు తగ్గించాడు. "వదినా, నాకు నిరుద్యోగ భృతి ఇస్తున్నారు కదా. వాళ్ళు చూపించిన ఉద్యోగానికి వెళ్ళకపోతే ఆపేస్తారు. కంప్యూటరు నొక్కితే నీ ప్రకటన వచ్చింది. నీటి ఆవిరితో తిరిగే డ్రమ్ముల దగ్గర పనిచేసిన అనుభవం అని ఉంది కదా నా కాగితాల్లో. మిల్లులో కాగితం ఆరబెట్టేది వాటిమీదే."

అనుభవం ఉన్నవాడు. ఈ దేశం వాడు.

"ఇంట్లో చెప్పకుండా?"

"చెప్తే అమ్మ సంబరపడుతుంది. విను వదినా, నాకీ పని వద్దు. కానీ వద్దని నేను అనకూడదు, అంటే భృతి పోతుంది. నువ్వు అను. పనికిరాడు అని రాసెయ్. నీకూ మంచిది, నాకూ మంచిది, ఆవిడకీ మంచిది."

ఆవిరక్క కుర్చీలోంచి మమ్మల్నే చూస్తోంది.

కన్సల్టెంటుకి ఫోను చేశాను. "అనుభవం ఉన్నవాణ్ణి ఊరికే పనికిరాడనలేరు. వారం రోజులు పనిచేయించి, అప్పుడు అనండి. ఇంటివాడే కదా, రెండు దుప్పట్లు మాడ్చమనండి."

ఆ మాట మరిదికి చెప్పాను. చేతులు కట్టుకుని నవ్వాడు. "మాడ్చడం ఎంతసేపు వదినా? ఏడాదిన్నరగా ఏ పని ముట్టుకున్నా అదే చేస్తున్నా."

*

మొదటిరోజు నిజంగానే రెండు గలీబులు మాడ్చాడు. వాసనకి అందరం దగ్గాం.

రెండోరోజు ఉదయం రోలరు ఒక పక్కకి లాగుతోందని కనిపెట్టాడు. ఎవరూ అడగకుండానే కిందికి దూరి, ఏదో బిగించి, నల్లబడ్డ చేతులతో పైకి లేచాడు. ఆ తర్వాత దుప్పటి అందించాడు. అది అటువైపు గాజుపలకలా బయటికి వచ్చింది. వాడు దానివైపు చూసిన చూపు నేను చూశాను. సోఫా మీద పడుకున్న మనిషి చూపు కాదది.

ఆ రోజు మాడ్చడం మర్చిపోయాడు. మూడోరోజు కూడా.

నాలుగోరోజు నాకన్నా ముందే వచ్చి బాయిలరు దగ్గర ఉన్నాడు. ఇంట్లో అత్తగారికి సంగతి తెలిసిపోయింది. ఉదయం నేను లేచేసరికి వాడి చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ వీపుకి తగిలించి ఉంది. ఆవిడ నా కంచంలో కూర రెండుసార్లు వడ్డించారు. మా పెళ్ళయ్యాక అది మొదటిసారి.

"వాడు రాత్రి అన్నం తిని వెంటనే పడుకున్నాడు," అన్నారు మా ఆయనతో, నాకు వినపడేలా. "ఎన్నాళ్ళయిందో అలా పడుకుని."

వ్యానులో మా ఆయన్ని అడిగాను. "ఏం చెయ్యమంటావు?"

"ఒకడు నా తమ్ముడు. ఒకామె మనల్ని నమ్ముకున్న మనిషి. నన్నడక్కు." గేరు మార్చి, "రెండు ఉద్యోగాలు లేవా?" అన్నాడు.

"రోలరు ఒకటే కదా."

"ఒకటే," అన్నాడు, అది తన తప్పన్నట్టు.

ఆవిరక్క ఆ వారమంతా కుర్చీలోనే ఉంది. ఐదోరోజు మంచినీళ్ళ కుళాయి దగ్గర నా పక్కన నిలబడి, "ఆ అబ్బాయిది మంచి చెయ్యి," అంది.

"ఆవిరక్కా..."

"నేను చూస్తాను కదా రోజూ. వేరే పనేముంది నాకు? మంచి చెయ్యి. కావాలని మాడ్చిన మొదటిరోజు కూడా మంచి చెయ్యే." నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి కూర్చుంది. అలిగే మనిషి కాదు, ఏడ్చే మనిషీ కాదు. ఏడిస్తే నాకు సులువుగా ఉండేది.

*

ఆఖరిరోజు తనిఖీకి వచ్చారు. ఇన్‌స్పెక్టరు నడివయసు ఆవిడ. బాగా జలుబు చేసి ఉంది. ఒక చేతిలో చేతిరుమాలు, ఇంకో చేతిలో కాగితాల అట్ట.

"ఎవరు ఆ కుర్చీలో?"

"నేనే," అంది ఆవిరక్క. "చెయ్యి తగల్లేదు. నువ్వు అందర్నీ అడుగు."

ఇన్‌స్పెక్టరు కళ్ళెత్తి చూసింది. నువ్వన్నందుకు కోపం వచ్చిందేమోనని భయపడ్డాను. "కూర్చోండమ్మా," అని మాత్రం అంది. తర్వాత నావైపు తిరిగింది.

"దరఖాస్తుదారుల్లో ఒకతనికి అనుభవం ఉందే. మీ ఇంటి పేరే ఉంది?"

"మా మరిది."

"చుట్టమైనా లెక్కలోకే వస్తాడు. ఎక్కడ?"

మరిది రోలరు దగ్గరే ఉన్నాడు. ఆసుపత్రి పెద్ద దుప్పటి అంచులు రెండు చేతులతో లాగి పట్టుకుని ఉన్నాడు. ముఖమంతా చెమట.

"వారం చేశాడు కదా. చెయ్యగలడా, లేడా?" అని నన్నడిగింది ఇన్‌స్పెక్టరు.

నేను నోరు తెరిచాను. అందులోంచి ఏ మాట వచ్చి ఉండేదో నాకిప్పటికీ తెలియదు.

"నాకీ పని వద్దండీ," అన్నాడు మరిది.

రోలరు తిరుగుతూనే ఉంది.

"ఏమన్నారు?"

"నాకు వద్దు. వేడి పడదు."

ఆవిడ తుమ్మి, ముక్కు తుడుచుకుంది. "చూడండి. యజమాని వద్దంటే ఒకటి, మీరు వద్దంటే ఒకటి. మీరే వద్దంటే భృతి ఆగిపోతుంది. మళ్ళీ ఏడాది దాకా దరఖాస్తు పెట్టుకోవడానికి కూడా ఉండదు. తెలిసే అంటున్నారా?"

"తెలిసే అంటున్నానండీ."

అంటూనే దుప్పటి వదిలాడు. అది లోపలికి వెళ్ళి, ఆవిరి కక్కి, అటువైపు ఒక్క ముడత లేకుండా బయటికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఆ దుప్పటిని చూసింది. వాణ్ణి చూసింది. కుర్చీలో ఆవిణ్ణి చూసింది. తర్వాత తల వంచి ఏదో రాసుకుంది.

"ఇక్కడ గాలి ఆడదేమిటండీ," అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

వాడు వెనక వ్యాను దగ్గర నీడలో కూర్చుని ఉంటే వెళ్ళి పట్టుకున్నాను. "నన్ననమన్నావు కదరా. నువ్వెందుకన్నావు?"

"నువ్వంటే అబద్ధమవుతుంది కదా వదినా. చెయ్యగలనని అందరూ చూశారు."

"నువ్వన్నదీ అబద్ధమే."

"నాది నేను చెప్పుకున్నా. నా ఇష్టం." బూటు కొసతో మట్టిలో గీస్తూ కూర్చున్నాడు. "ఆవిడ చేతులు చూశావా? పని లేనివాడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. ఒళ్ళో పెట్టుకుంటే బరువు. పక్కన వేలాడేస్తే దిక్కులేనట్టు. వారం నుంచీ నేను దుప్పటి అందించిన ప్రతిసారీ ఆవిడ వేళ్ళు కదులుతున్నాయి. మీకెవరికీ తెలీదది. సోఫా మీద ఏడాదిన్నర పడి ఉన్నాను, నాకు తెలుసు."

"మరి నీ సంగతి?"

"పని చెయ్యగలనని తెలిసింది కదా. ఎక్కడో ఒకచోట చేస్తా." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "భోజనం ఏం తెచ్చావ్?"

*

ఇంట్లో తుఫాను రేగింది.

వాడే చెప్పాడు అమ్మతో, వద్దన్నది తనేనని. ఆవిడ నమ్మలేదు. "పెద్దమనిషివే నువ్వు," అన్నారు నాతో. "నీ నోటితో అనకుండా వాడి నోటితో అనిపించావు. పరాయి దేశం మనిషికి పీట వేసి, నా కడుపున పుట్టినవాణ్ణి వీధిలో నిలబెట్టావు."

"అమ్మా, తను ఏమీ..." అన్నాడు మా ఆయన.

"నువ్వు మాట్లాడకు. నీకు ఆవిడ చెప్పిందే వేదం."

నాకు చెప్పడానికి ఉన్నదల్లా, ఇన్‌స్పెక్టరు ముందు నేను నోరు తెరిచిన ఆ క్షణం గురించే. అది ఆవిడకి చెప్పే సంగతి కాదు.

వారం తిరక్కుండా మరిది ఎక్కడో దూరాన అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో పని కుదుర్చుకున్నాడు. అక్కడా డ్రమ్ములే, అక్కడా వేడే. బస్సెక్కించడానికి మా ఆయనా, నేనూ వెళ్ళాం. ఆవిరక్క కూడా వచ్చింది, ఎవరూ పిలవకుండానే. వాడి ముందు నిలబడి, చాలాసేపు మాట వెతుక్కుంది. చివరికి, "అక్కడ నీళ్ళు బాగా తాగు," అంది.

"నువ్వు రోలరు ఎడమపక్క చూసుకో. మళ్ళీ లాగుతుంది," అన్నాడు వాడు.

వాడు బస్సెక్కాడు.

అత్తగారు బస్సు దగ్గరికి రాలేదు. ఆ రోజు నుంచి నాతో మాటలు లేవు. ఏదైనా కావాలంటే గోడకి చెప్పేవారు, నేను గోడ చెప్పిందని చేసేదాన్ని.

పర్మిట్ తొలి వానలతో పాటు వచ్చింది. ఆవిరక్క దాన్ని చదవలేదు, ఫొటో తీసి ఎవరికో పంపింది. ఫోను మోగింది. గీత దాటి రోలరు దగ్గరికి వెళ్ళి, భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపెట్టుకుని దుప్పటి అందుకుంది. వాళ్ళ భాష నాకు రాదు. అవతల మగగొంతు ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతోంది, ఈవిడ అవునవునని తలూపుతోంది, ఫోనులో తల కనపడదన్న సంగతి మర్చిపోయి.

నేను వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత కూర్చున్నాను.

*

ఆ నెలాఖర్లోనే ఊరవతల పెద్ద లాండ్రీవాడు మా ఆయన్ని కలిశాడు. మాది కొనేస్తానన్నాడు. మంచి బేరమే. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఆ మాట చెప్పి, నా ముఖం వైపు చూడకుండా కూర కలుపుకుంటూ కూర్చున్నాడు. అతని మణికట్టు మీద ఆవిరికి కాలిన మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది.

"ఇచ్చేద్దామా?" అన్నాడు. "ఇద్దరం అలిసిపోయాం."

"ఇచ్చేస్తే మంచిదే," అన్నారు అత్తగారు గోడతో. "ఇల్లు ఇల్లులా ఉంటుంది. చిన్నాడు కూడా తిరిగి వస్తాడేమో."

నాకు ఇచ్చెయ్యాలనే ఉంది. ఒట్టేసి చెప్తున్నాను, ఆ క్షణంలో నా ఒంట్లో ప్రతి ఎముకా ఇచ్చెయ్యమంది.

"కొత్త ఓనరు వస్తే ఆవిరక్క పర్మిట్?" అన్నాను.

మా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. మళ్ళీ రద్దు. మళ్ళీ ప్రకటన. ఆ పెద్ద లాండ్రీవాడు ఒక మనిషి కోసం అంత తిప్పలు పడతాడా? పడడు.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"ఏడాది."

"ఏడాదే కదా?"

"ఏడాదే."

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. బయట వాన పడుతోంది. అత్తగారు నా కంచంలోకి చూశారు, పక్కనున్న గిన్నెలోకి చూశారు, గరిటె మాత్రం ముట్టుకోలేదు.

"ఆవిడ మొగుడు ఏం పని చేస్తాడట అక్కడ?" అన్నారు. గోడతో కాదు, నాతో.

"వడ్రంగట."

ఆవిడ కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, లేవబోతూ ఆగారు.

"చిన్నాడి గది తలుపు వానకి ఉబ్బి పట్టేసింది. ఆ వడ్రంగి వచ్చాక చూడమను," అన్నారు. "తొందరేం లేదులే. తీసేవాళ్ళెవరున్నారు గనక."